నదిలో రెండో బ్రేకు ఉండదు

ఆదివారం పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే పడవను రేవులో దింపాలి, వంతెన దాకా వెళ్ళాలి, దాని నీడలో ఆగి ఫలహారం తినాలి, తిరిగి రావాలి. దానికి భార్య ఒక షరతు జోడించింది.

"ఇవాళ ఎవరిమీదైనా నోరు పారేసుకున్నారో, పడవ అమ్మేయడమే. కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడు. మా తమ్ముడు."

ఆ చివరి మాటకే ఆయన బెదిరాడు. తన పడవలో బావమరిది కాళ్ళు బారజాపుకుని కూర్చున్నట్టు ఊహించుకుని, "ఒట్టు. పల్లెత్తు మాటనను" అన్నాడు.

ఆయన డ్రైవింగ్ స్కూలు మాష్టారు. క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియనివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, "పర్లేదమ్మా, గేటే కదా, వాళ్ళు మళ్ళీ పెట్టించుకుంటారు" అనగల శాంతమూర్తి. అయితే కారులో ఆయన కాలికింద రెండో బ్రేకు ఉంటుంది. నదిలో పక్కవాడి పడవకు అలాంటి ఏర్పాటు లేదు. అందుకని ఆదివారాలు ఆయన గొంతు అవతలి ఒడ్డుకు కూడా వినిపిస్తుంది.

రేవుకు ఒక పద్ధతి ఉంది. సామాను సర్దుకోవడం, తాళ్ళు విప్పుకోవడం, లైఫ్ జాకెట్లు తొడుక్కోవడం అన్నీ పైన ఖాళీ స్థలంలోనే కానివ్వాలి. సిమెంటు వాలు మీదికి వచ్చాక పడవను దింపడం, తప్పుకోవడం, అంతే. ఆ రోజు సరిగ్గా ఆ వాలు మధ్యలో, కారు వెనక తగిలించిన ట్రైలర్ మీద, తళతళలాడే కొత్త పడవ నిలిచి ఉంది. అందులో ఒక పెద్దావిడ అప్పుడే చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ప్రయాణానికి సిద్ధంగా కూర్చుంది. కింద ఆవిడ అల్లుడు, పళ్ళ డాక్టరు, ఒక తాడు విప్పి ఇంకో తాడు ముడేస్తున్నాడు.

మాష్టారి మెడనరం ఉబ్బింది. భార్య ఫోను తీసి తమ్ముడి నంబరు వెతకసాగింది.

"నమస్కారమండీ!" అన్నాడు మాష్టారు, పళ్ళన్నీ బిగించి నవ్వుతూ. "మొదటిసారా? కంగారేం లేదు. మొదట్లో అందరికీ అవుతుంది."

డాక్టరు ఆ పళ్ళను పరీక్షగా చూసి, "మీకు దవడ నొప్పేమైనా ఉందా?" అని అడిగాడు.

మాష్టారు ఆ మాటనూ మింగి సాయానికి దిగాడు. ముడులు విప్పాడు. పెద్దావిడకు లైఫ్ జాకెట్ తొడిగించాడు. "పడవ అడుగున కన్నానికి బిరడా బిగించారా? అది మరిచిపోతే మునకే" అన్నాడు.

"కన్నమా? కొత్త పడవకు కన్నమేమిటండీ? మోసం!" అంది పెద్దావిడ.

ఒడ్డుకొచ్చాక లోపలి నీళ్ళు పోవడానికే ఆ కన్నమని మాష్టారు వివరించాడు. డాక్టరు ఎంత వెతికినా బిరడా దొరకలేదు. వెనక బళ్ళు వరసగా హారన్లు కొట్టాయి. మాష్టారు తన జేబులోంచి బిరడా తీసి, "చూడండి, ఇలా పెట్టి, ఇలా తిప్పాలి" అని పాఠం చెబుతూ బిగించేశాడు. తర్వాత డాక్టరు కారు స్టీరింగు దగ్గర తానే కూర్చుని, ట్రైలర్‌ను వెనక్కి నడిపి, పెద్దావిడతో సహా పడవను నీళ్ళలోకి దింపాడు.

వెనక బండిలోని టోపీ మనిషికి కనిపించింది స్టీరింగు దగ్గరున్న మాష్టారే. "నేర్చుకునేవాళ్ళు రద్దీ లేనప్పుడు రావాలి పెద్దాయనా!" అని అరిచాడు.

మాష్టారు నవ్వాడు. భార్య మాత్రం ఫోను సంచీలో పడేసి వెనక్కి తిరిగి చూసింది.

ఆ హారన్ల మోతలో మాష్టారు తన పడవను గబగబా దింపి, భార్యతో బయల్దేరాడు. వంతెన నీడలో ఇంజను ఆపి, ఫలహారం డబ్బా మూత తీశాడు.

"ఏమండీ, నా చెప్పులు తేలుతున్నాయి."

"నది కదా."

"నదిలో కాదు. పడవలో."

మాష్టారు జేబు తడుముకున్నాడు. జేబు ఖాళీ. ఇంజను నాలుగుసార్లు దగ్గి ఊరుకుంది.

సాయానికి మొదట వచ్చింది డాక్టరే. ఇంకో పడవ దగ్గరికి వచ్చేటప్పుడు వేగం తగ్గించాలన్నది ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆయన తెచ్చిన అల ఫలహారాన్ని తీసుకుపోయింది. వెనకే టోపీ మనిషి వచ్చాడు.

"కంగారేం లేదు మాష్టారూ," అన్నాడు డాక్టరు ఆప్యాయంగా. "మొదట్లో అందరికీ అవుతుంది."

"అల్లుడూ, కుర్చీ కింద దొరికితే సంచీలో వేశాను. ఇది మనదేనా?" అంటూ పెద్దావిడ నల్లటి బిరడా పైకెత్తి చూపించింది.

మాష్టారు దవడ బిగించి, చెయ్యి చాచాడు.

"నేను అప్పుడే చెప్పానా, నేర్చుకునేవాళ్ళు..." అని టోపీ మనిషి మొదలుపెట్టాడు.

మోకాళ్ళ లోతు నీళ్ళలో భార్య లేచి నిలబడింది.

"ఎవరయ్యా నేర్చుకునేది? నువ్వు పుట్టకముందు నుంచి నడుపుతున్నారు మా ఆయన! నోరు తప్ప ఇంకేదైనా నడపడం వచ్చా నీకు? ఆ డాక్టరుగారేమో పడవ నడుపుతున్నారా, పళ్ళు పీకుతున్నారా? తప్పుకోండి అందరూ!"

వంతెన కింది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. అవతలి ఒడ్డున బట్టలుతికేవాళ్ళు తలలెత్తి చూశారు.

"పోనీలేవే, కొత్తవాళ్ళు. కాస్త ఓపిక పట్టు," అన్నాడు మాష్టారు, బిరడా బిగిస్తూ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ముఖంలో అంత ప్రశాంతత ఆవిడ ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. "నది మీద కేకలు ఊరంతా విన్నారటగా అక్కా. పడవ తీసుకుపోవడానికి ఎప్పుడు రమ్మంటావు?"

తడిసిన చెప్పులను గోడకు ఆనిస్తూ అక్క అంది, "షరతు మీ బావగారికిరా. నాక్కాదు."