నలభై మూడో నంబరు

ఆదివారం పొద్దున రంగులమ్మ వేసుకున్న పథకంలో ఎక్కడా లోటు లేదు. తొమ్మిదింటికి సెలూను. పదకొండుకల్లా తెల్ల వెంట్రుక ఒక్కటీ కనబడని గోధుమరంగు జుట్టుతో ఇల్లు. సోమవారం పదింటికి యజమాని ముందు ఠీవిగా నిలబడడం.

రంగులమ్మ అన్నది పెయింట్ల దుకాణం వాళ్ళు పెట్టిన పేరు. పన్నెండేళ్ళుగా అక్కడ రంగులు కలిపే మిషను ఆవిడదే. గోడ పెచ్చు తెస్తే గోడ రంగు, తలుపు ముక్క తెస్తే తలుపు రంగు అచ్చం దించేస్తుంది. షేడ్ కార్డులోని మూడు వందల నంబర్లూ నోటికి వచ్చు కనుక కార్డు తెరవడం ఆవిడకు నామోషీ. ఆ విభాగం పెద్దాయన రిటైరవుతున్నాడు. ఆయన కుర్చీ రంగులమ్మకా, మేనేజరు గారి బావమరిదికా అన్నది సోమవారం తేలిపోతుంది. యజమాని ఒక పరీక్ష కూడా పెట్టాడు. తన ఇంటి హాలు గోడ పెచ్చొకటి నెల్లాళ్ళుగా జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. ఆ రంగు ఎవరు కలిపితే కుర్చీ వాళ్ళదే. అదొక దిక్కుమాలిన ఆకుపచ్చ. పసుపూ నీలమూ ఎన్ని పాళ్ళలో కలిపినా ఇద్దరికీ కుదరలేదు. రంగు ఎలాగూ కుదరలేదు, కనీసం రూపమైనా కుదరాలని రంగులమ్మ ఆశ.

"ఏ షేడ్ వేయమంటారు మేడమ్?" అంది సెలూను అమ్మాయి కార్డు తీయబోతూ.

"నలభై మూడు."

"ఒకసారి కార్డు చూసుకోండి మేడమ్."

"నాకే కార్డు చూపిస్తావా తల్లీ? నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నలభై మూడే వెయ్!"

అని కళ్ళు మూసుకుంది. పెయింట్ల కార్డులో నలభై మూడంటే చక్కటి గోధుమరంగు. సెలూను కార్డులో ఏమిటో కళ్ళు తెరిచాక తెలిసింది. అద్దంలో ఎవరో ఆడమనిషి తలకి నిప్పంటుకుని కూర్చుని ఉంది.

"అయ్యయ్యో! ఇదేంటే?"

"నలభై మూడే మేడమ్. మా కార్డులో నారింజ."

ఇంకొకరైతే అక్కడ ఆగేవారు. అమ్మాయి కూడా బతిమాలింది. "వారం ఆగండి మేడమ్, మెల్లగా సరిచేస్తాను. ఇప్పుడే మళ్ళీ వేస్తే జుట్టు తట్టుకోదు."

"రేపు పదింటికి ఈ తలతో నిలబడమంటావా? నారింజని చంపాలంటే నీలం పడాలి. ఇది నా వృత్తి! ముందు ఉన్నది గీకెయ్, తర్వాత నీలం కొట్టు."

"గీకడానికి ఇది గోడ కాదు మేడమ్!"

వినేదెవరు? కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. మందు పెడితే నారింజ సగమే వదిలి, అడుగున పసుపు తేలింది. పసుపు మీద నీలం పడితే ఏమవుతుందో ఒకటో తరగతి పిల్లలకి కూడా తెలుసు. తల ఆకుపచ్చగా తేలింది. పైగా జుట్టంతా కొబ్బరి పీచులా బిరుసెక్కి, దువ్వెన పెడితే గుప్పెడు ఊడి వచ్చింది. అమ్మాయి భయపడిపోయి, ఒక నూనె సీసా చేతిలో పెట్టింది. "ఇది పట్టించి రేపు సాయంత్రం దాకా గుడ్డ కట్టుకోండి మేడమ్. దువ్వారంటే మిగిలింది కూడా పోతుంది."

ఇంటికెళితే తలుపు తీసిన భర్త, "ఎవరు కావాలండీ?" అన్నాడు.

"నేనేనండీ!" అని ఏడ్చేసింది.

ఆయన గోడలకి రంగులేసే మేస్త్రీ. భార్య చుట్టూ ఒకసారి తిరిగి, ఒక పాయ వేళ్ళ మధ్య నలిపి చూసి, "తడి ఆరకుండానే రెండో కోటు కొట్టేశారు. ముందు లప్పం పెట్టాల్సింది," అన్నాడు. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

అత్తగారు వంటింట్లోంచి వచ్చి బుగ్గలు నొక్కుకుంది. "మా రోజుల్లో జుట్టు తెల్లబడేదే గానీ, ఇలా నాచు పట్టేది కాదమ్మాయ్! కూర్చో. గుడ్డుసొన పట్టిస్తే పట్టులా అవుతుంది." నాలుగు గుడ్లు కొట్టి తలంతా పట్టించింది. అంతవరకు బాగానే ఉంది. భర్త భార్య మీద ప్రేమ కొద్దీ, పొగలు కక్కే నీళ్ళు తెచ్చి పోశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. సొన తలమీదే ఉడికిపోయింది. తల్లీ కొడుకులు చెరో పక్కన కూర్చుని రెండు గంటలు ఆ ముక్కలు ఏరారు.

"ఉప్పొక్కటే తక్కువ," అన్నాడు భర్త. భార్య చూసిన చూపుకి ఆ రోజంతా మళ్ళీ నోరు తెరవలేదు.

సోమవారం పొద్దున మళ్ళీ తెరిచాడు. భార్య నూనె పట్టించుకుని గుడ్డ కట్టుకునేసరికి ఆలస్యమయ్యేలా ఉందని మేనేజరుకి ఫోన్ చేశాడు. జుట్టు సంగతి చెబితే పరువు పోతుందని, "తలకి కట్టు కట్టాం సార్. ఒక గంట ఆలస్యంగా వస్తుంది. వివరాలు ఫోన్లో చెప్పేవి కావు," అని పెట్టేశాడు. ఆ గోరంత మాట దుకాణంలో కొండంతయింది. యజమాని చెవిన పడేసరికి రంగులమ్మకి తలలో పెద్ద ఆపరేషన్ అయిపోయింది, డాక్టర్లు పెదవి విరిచేశారు.

గుడ్డ కట్టిన తలతో ఆవిడ లోపలికి రాగానే దుకాణమంతా లేచి నిలబడింది. బావమరిది మాత్రం లేవలేదు. అతను అప్పటికే ఆ కుర్చీలో కూర్చుని, అందులోంచే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఈ పరిస్థితిలో ఎందుకమ్మా వచ్చారు?" అన్నాడు యజమాని ఎదురొచ్చి. "మీరు దిగులు పడకండి. ఈ కుర్చీ భారం ఇతను మోస్తాడు."

పన్నెండేళ్ళ చాకిరీ కళ్ళముందే జాలి కింద కొట్టుకుపోతోంది. "సార్, నాకే జబ్బూ లేదు! జుట్టుకి రంగు వేయించుకుంటే చెడిపోయింది, అంతే!"

"పాపం, ఎంత ధైర్యంగా ఉందో చూడండి," అని మేనేజరు నిట్టూర్చాడు.

ఇక లాభం లేదని రంగులమ్మ గుడ్డ లాగేసింది. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే యజమాని జేబులోంచి గోడ పెచ్చు తీసి, నెమ్మదిగా ఆవిడ తల పక్కన పెట్టాడు. పెచ్చు ఎక్కడ ముగిసిందో, తల ఎక్కడ మొదలైందో తెలియలేదు.

"ఇదేనమ్మా మా హాలు! ఎలా కలిపారు?"

ఆవిడ ఆ పెచ్చు వంక చూసింది. దుకాణం గోడకున్న అద్దంలో తన తల వంక చూసింది. అప్పుడు లోపలున్న పనిమంతురాలు మేలుకుంది. "నారింజ సార్! అడుగున చావకుండా మిగిలిన నారింజ. మేమిద్దరం పసుపూ నీలమూ పట్టుకునే వేళ్ళాడాం. ఒక్క చుక్క నారింజ పడాలి." మిషను దగ్గరికి వెళ్ళి అయిదు నిమిషాల్లో కలిపి, పెచ్చు మీద సగం పూసింది. ఏది పాతదో ఏది కొత్తదో మేనేజరు కూడా చెప్పలేకపోయాడు. బావమరిది కుర్చీలోంచి లేచాడు. రంగులమ్మ అందులో కూర్చుని, ఈసారి సంతోషం పట్టలేక ఏడ్చింది.

చెడిన జుట్టంతా ఆ సాయంత్రమే సెలూను అమ్మాయి చెవుల దాకా కత్తిరించేసింది. నెలకి కొత్త జుట్టు మెత్తగా మొలిచింది. అత్తగారు అదంతా గుడ్డుసొన మహిమేనంటుంది. నల్లటి జుట్టు మధ్య తెల్లటివి హాయిగా కనబడుతున్నా రంగులమ్మ మళ్ళీ రంగు జోలికి పోలేదు.

ఒక రోజు ఆ అమ్మాయే పెయింట్ల దుకాణానికి వచ్చింది.

"సెలూను గోడలకి కొత్త రంగు వేయిస్తున్నాను మేడమ్. మంచి నారింజ కావాలి. నలభై మూడు ఇవ్వండి."

పన్నెండేళ్ళలో మొదటిసారి, రంగులమ్మ కార్డు తెరిచింది.