ప్రామాణిక వీపు

మానవజాతి ఇంతవరకు తన ముందు భాగం గురించే ఆలోచించింది. కళ్లకు అద్దాలు, మెడకు టైలు, ఛాతీకి పతకాలు కనిపెట్టింది. వీపు సంగతి పట్టించుకున్న సంస్థ భూమ్మీద ఒక్కటే ఉంది. అది మా తూర్పు టెన్నెసీ కొండల్లోని లాస్ట్ మ్యూల్ రిడ్జ్ వేలాడువారల సంఘం. దానికి నేను కార్యదర్శిని. (ఎన్నికైనవాణ్ణే. నాకు పోటీగా నిలబడ్డ మనిషి ఆ రోజు రాలేదు, అంతే.)

వేలాడటం అంటే కంగారు పడకండి. అడవిలో రెండు చెట్ల మధ్య గుడ్డ ఉయ్యాల కట్టుకుని పడుకోవడం. డేరా వేసుకుని రాళ్ల మీద దొర్లేవాళ్లను మేము నేలబారు జనం అంటాం, ప్రేమగానే అంటాం. ఎండాకాలంలో ఉయ్యాల స్వర్గం. చలికాలంలోనే ఒక చిక్కుంది. లోపల ఎంత మందపు దుప్పటి పరుచుకున్నా ఒంటి బరువుకు అది అప్పడంలా అణిగిపోతుంది, అణిగిన దుప్పటి చలిని ఆపదు. అందుకని బాతు ఈకల నూగు కూరిన బొంతను ఉయ్యాలకు బయట, అడుగున వేలాడదీస్తాం. దాన్ని అడుగుబొంత అంటాం. అది వీపును తాకాలి, కానీ నొక్కకూడదు. వదులైతే సందులోంచి చలి దూరుతుంది, బిగువైతే నూగు అణిగిపోతుంది. (సుఖమైన కాపురానికీ ఇదే సూత్రమని మా అధ్యక్షుడు డ్యూయీ హస్కిన్స్ ప్రతి సమావేశంలోనూ సెలవిస్తాడు. ఆయనకు పెళ్లి కాలేదు.)

పోయిన సెప్టెంబరులో ఒక సాయంత్రం నా భార్య లోరీన్ వంటింట్లో బీన్స్ తుంచుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఓరిన్, జనవరిలో మీరంతా కొండెక్కుతారు కదా. ఈసారి నేనూ వస్తా."

"నువ్వా? జూలైలో కూడా సాక్సులేసుకుని పడుకుంటావు నువ్వు."

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. ఏటా పోతావు, పొగ కంపు కొడుతూ నవ్వుకుంటూ తిరిగొస్తావు. ఆ నవ్వు ఇంట్లో ఎప్పుడూ నవ్వగా చూళ్లేదు నేను. అక్కడేముందో నాకూ చూడాలనుంది. వీపుకి చలెయ్యకుండా చూడు చాలు, ఇంకేం అడగను."

నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. లోరీన్ అడిగే మనిషి కాదు. అడిగిందంటే ఎన్నాళ్లో మనసులో పెట్టుకుని అడిగినట్టే లెక్క. భార్య అంటే ప్రాణం పెట్టే ఏ భర్తయినా చేసే పనే నేనూ చేశాను. సంఘానికి దరఖాస్తు పెట్టాను.

"దరఖాస్తేంటి?" అంది లోరీన్. "గరాజ్ నిండా నీ బొంతలే ఉన్నాయిగా. అందులో ఒకటి నా మొహాన పారెయ్యి."

అంత తేలికగా అయ్యేదైతే సంఘం ఎందుకు? వాడిన బొంత యజమాని వీపుకు అలవాటు పడిపోతుందని మా నియమావళి చెబుతోంది. పరాయి వీపు తగిలితే నూగు కలత చెందుతుంది.

"నేను నీ పెళ్లాన్ని. పరాయి వీపేంటి నాది?"

భార్యలకు ప్రత్యేక మినహాయింపు లేదని సౌమ్యంగా వివరించాను. ఆమె బీన్స్ తుంచడం కాస్త గట్టిగా కొనసాగించింది.

దరఖాస్తు చర్చి వెనక హాల్లో విచారణకు వచ్చింది. సాంకేతిక సలహాదారు ప్రెస్టన్ ఓగ్లె దాన్ని అందరికీ చదివి వినిపించాడు. ఆయన ఊళ్లో మందుల షాపు నడుపుతాడు. దగ్గు మందు అడిగితే చేతికిచ్చి పంపేస్తాడు గాని, బొంత గురించి అడిగితే కుర్చీ వేసి కూర్చోబెడతాడు.

"దరఖాస్తుదారు నిద్రలో ఒళ్లు వెచ్చబడే రకమా, చల్లబడే రకమా అన్న ప్రశ్నకు 'నాకు చలి జాస్తి' అని రాశారు," అన్నాడు ప్రెస్టన్. "ఇది అభిప్రాయం మిస్ లోరీన్. కొలత కాదు." (మా వైపు పెళ్లయిన ఆడవాళ్లను కూడా మర్యాదకు మిస్ అనే పిలుస్తారు.)

"నా ఒళ్లు నాకు తెలీదా ప్రెస్టన్?"

"అందరూ అలాగే అనుకుంటారండీ."

కొలత ఎలా తీస్తారన్నది మీకిక్కడ చెప్పాలి. మనుషుల వీపులు రకరకాలు. ఒక్కో వీపుకు ఒక్కో బొంత అంటూ పోతే వ్యవస్థ నిలవదు. అందుకని సంఘం పుట్టిన నాడే ఒక వీపును ప్రామాణికంగా ఎంచుకున్నాం. అది డ్యూయీ వీపు. డ్యూయీ గుమ్మానికి తల తగిలేంత పొడగరి, బరువులో ఇద్దరి పెట్టు, మంచు కురిసే రోజు కూడా నిక్కరుతో తిరుగుతాడు. ఊరందరికీ ప్రొపేన్ గ్యాస్ సరఫరా చేసేది ఆయనే. తన ఇంట్లో మాత్రం హీటరు వెలిగించడు, చెమట పోస్తుందట. ఏ బొంత అయినా ఆయన కింద వేలాడదీసి, ఆయన వెచ్చగా ఉందంటే ధ్రువపత్రం ఇస్తాం. ఇంతవరకు ఏ బొంతా తప్పలేదు. (మా ప్రమాణాలు అంత ఉన్నతమైనవి.)

అక్టోబరు అంతా, బొంతలో ఏం కూరాలని నూగు వర్గానికీ పాలియెస్టర్ వర్గానికీ మధ్య నడిచిన చర్చలో పోయింది. ఒకరినొకరు 'తడిస్తే ఏం చేస్తావ్' అని నిలదీసుకున్నారు. నవంబరులో పొడవు వివాదం వచ్చింది. భుజాల నుంచి మోకాళ్ల దాకా వచ్చే ముప్పావు బొంత చాలనీ, పాదాల విషయం వేరే దరఖాస్తుగా పరిశీలించాలనీ ఒక ప్రతిపాదన.

"నా పాదాలు నా వెంటే వస్తాయి కదయ్యా," అంది లోరీన్.

దీన్ని 'సాధారణ వ్యాఖ్య'గా నమోదు చేశాను.

తర్వాత రంగు. ఆ తర్వాత, సందును పర్యవేక్షించడానికి సందు ఉపసంఘం. ఉపసంఘంలో సభ్యులెవరు ఉండాలన్న దాని మీద మరొక ఉపసంఘం. ఈలోగా లోరీన్ ఊరుకోలేదు పాపం. మంచి ఊలు లోదుస్తులు కొనుక్కుంది. నన్ను వాకిట్లో నిలబెట్టి ముడులు వేయడం నేర్పించుకుంది. ఒకసారి పొయ్యి దగ్గర నిలబడి కూనిరాగం తీస్తుంటే విన్నాను. నన్ను చూసి ఆపేసింది.

చివరికి ఒక బొంత ఖాయమైంది. ఆకుపచ్చది, నిలువెత్తుది, సున్నా డిగ్రీలకైనా తట్టుకునేది. డ్యూయీ తన పెరట్లో మంచు మీద ఉయ్యాల కట్టించుకుని, అందులో పడుకుని, బాగుందన్నాడు. లోరీన్ పక్కనే కోటు కప్పుకుని నిలబడి అంతా చూసింది.

"డ్యూయీ, ఒక్కసారి నన్ను పడుకోబెట్టి చూడొచ్చుగా?"

"మిస్ లోరీన్, మీరు పడుకుంటే వచ్చే ఫలితం మీ ఒక్కరికే పనికొస్తుందండీ."

"నాక్కావలసింది అదేగా."

ఇదీ సాధారణ వ్యాఖ్యే.

జనవరిలో కొండెక్కాం. లోరీన్ తన ఉయ్యాల తనే కట్టుకుంది. సాయంత్రం మంట చుట్టూ కూర్చుని బీన్స్ కూర, మొక్కజొన్న రొట్టె తిన్నాం. ఏడాదికోసారి చెప్పే కథలే చెప్పుకున్నాం. ప్రెస్టన్ ఉయ్యాల ముడి ఊడి ముళ్ల పొదలో పడ్డ కథకు లోరీన్ కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ నవ్వు నేనూ ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. ఆమె అడిగింది ఎంత చిన్న కోరికో, ఎంత మంచి కోరికో అప్పుడు నాకు అర్థమైంది. పక్కపక్క చెట్లకు ఉయ్యాలలు కట్టుకున్నాం. నిద్రపోయే ముందు చెయ్యి చాచి నా ఉయ్యాలను ఒక ఊపు ఊపింది.

తెలతెలవారుతుండగా నా ఉయ్యాల మళ్లీ ఊగింది. కళ్లు తెరిస్తే లోరీన్. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఓరిన్, నా వీపు గడ్డ కట్టుకుపోయింది. ఆ బొంత నాకు తగలటమే లేదు. మధ్యలో చెయ్యి పెట్టి తడిమి చూశా, అంత సందుంది."

"అది ధ్రువీకరించిన బొంత లోరీన్."

"అయ్యుంటుంది. నన్నెవరూ ధ్రువీకరించలేదుగా."

ఇలాంటి సందర్భానికి పద్ధతి ఉంది. ధ్రువీకరించిన బొంతలో చలి వేసినట్టు ఎవరికైనా అనిపిస్తే, ప్రామాణిక వీపుతో అక్కడికక్కడే సరిచూడాలి. డ్యూయీని లేపాం. నిక్కరుతో, చేతిలో కాఫీ కప్పుతో వచ్చాడు. కప్పు ప్రెస్టన్‌కు ఇచ్చి లోరీన్ ఉయ్యాలలోకి ఒరిగాడు. రెండు చెట్లూ కిర్రుమన్నాయి. ఉయ్యాల సగానికి సగం కిందికి దిగి, అడుగుబొంతను నిండుగా ఆనుకుంది. సందు జాడే లేదు. లోరీన్ సాక్సులతో మంచులో నిలబడి ఉంది.

"వెచ్చగా ఉంది," అన్నాడు డ్యూయీ కళ్లు మూసుకుని. "చాలా వెచ్చగా ఉంది."

ప్రెస్టన్ ముఖం వికసించింది. "శుభవార్త మిస్ లోరీన్. బొంతలో ఏ లోపమూ లేదు."

"మరైతే లోపం నాలో ఉందా?"

"అది మా పరిధిలోకి రాదండీ."

డ్యూయీ అప్పటికే గురక పెడుతున్నాడు. ధ్రువీకరణ మధ్యలో ప్రామాణిక వీపును లేపడం నిషిద్ధం.

లోరీన్ నా దగ్గరికి వచ్చింది. చేతులు చంకల్లో పెట్టుకుని, పళ్లు టకటకమంటుంటే చాలా మెల్లగా అడిగింది.

"కొంచెం జరుగు ఓరిన్. నీ పక్కన పడుకుంటా."

నాకూ ఆశగానే ఉంది, దాచడం దేనికి? కొండ మీద, మంచులో, నా భార్య నా ఉయ్యాలలోకి వస్తానంటోంది. ఇరవై ఏళ్లలో ఎవరికి దక్కింది ఆ అదృష్టం? కానీ నా బొంత ఒక్క మనిషి బరువుకే కట్టి ఉంది.

"ఇద్దరి బరువు పడితే నూగు అణిగిపోతుంది లోరీన్," అన్నాను. "అప్పుడు ఇద్దరికీ చలే."

ఈ మాటలో తప్పు లేదు. తర్వాత ప్రెస్టన్‌ను అడిగి రూఢి చేసుకున్నాను కూడా.

ఆమె చెయ్యి చాచింది.

"కారు తాళాలు ఇలా ఇవ్వు."

"కారులో పడుకుంటే సభ్యత్వానికి ఇబ్బంది—"

"పడుకోవడానికి కాదులే."

కాసేపటికి కింద కారు చప్పుడు వినిపించింది. మలుపు దగ్గర ఆగిందనుకున్నాను. ఆగలేదు, దూరమైంది. నేను మర్నాడు డ్యూయీ గ్యాస్ బండిలో ఇల్లు చేరాను. దారంతా ఆయన ఆ ఆకుపచ్చ బొంతను పొగుడుతూనే ఉన్నాడు.

లోరీన్ పడకగదిలో, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని మంచం నడిమధ్యన పడుకుని ఉంది. కోపంగా లేదు. అరిచి ఉంటే బాగుండేది, ఏదో ఒకటి చెప్పి బతిమాలుకునేవాణ్ణి. బూట్లు విప్పి, మంచం అంచున కూర్చోబోయాను.

"వద్దు ఓరిన్," అంది మామూలుగా. "ఇద్దరి బరువు పడితే పరుపు అణిగిపోతుంది."

ఆ వాదనలో లోపం వెతికాను. దొరకలేదు.

ఫిబ్రవరి సమావేశంలో ఆ బొంతకు ఉత్తమ బొంత గుర్తింపు లభించింది. తీర్మానాన్ని బలపరిచింది నేనే. లోరీన్ మళ్లీ కొండకు వస్తానని అనలేదు. ఆమె పేరు ఎదుట, రాకపోవడానికి కారణం 'వాతావరణం' అని రాసుకున్నాం.

నేను ప్రస్తుతం మా ఇంటి వరండాలో, రెండు స్తంభాల మధ్య ఉయ్యాలలో పడుకుంటున్నాను. అడుగుబొంత వీపును తాకుతోంది, నొక్కడం లేదు. సందు ఎక్కడా లేదు. నిబంధనల ప్రకారం నాకు చలి వేయకూడదు. వేస్తోంది. సంఘానికి ఫిర్యాదు మాత్రం చేయలేదు. చేస్తే డ్యూయీ వచ్చి పడుకుంటాడు.