ఒళ్ళంతా మైకా, ఇల్లంతా వెలుగు

సబ్బు ఉన్నది మురికి వదిలించడానికేనని నమ్మేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. సబ్బు ఉన్నది మెరవడానికి! నమ్మకం కుదరకపోతే ఒకసారి మా ఇంటికి రండి. అడ్రసు అక్కర్లేదు. వీధి మలుపు నుంచే తళతళలాడుతూ కనిపిస్తాం.

మా పిన్ని ఇంట్లోనే సబ్బులు చేస్తుంది. నూనెలు కరిగించి, కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి, చివర్లో రంగు కోసం తళుకులీనే మైకా పొడి, అంటే అభ్రకం పొడి, వేస్తుంది. ఆ పొడిని ముందు కాస్త నూనెలో కలుపుకోవాలనీ, చిన్న చెంచాడు చాలనీ డబ్బా మీద రాసి ఉంటుంది. డబ్బా మీద రాతలంటే పిన్నికి లెక్కలేదు. "వాళ్ళ పిసినారితనం మనకెందుకే?" అంటూ వడ్డించే గరిటెతో వేస్తుంది.

దీనివల్ల మాకెన్ని లాభాలో! తాతయ్యది బంగారు రంగు సబ్బు. కరెంటు పోయినప్పుడు ఆయన బట్టతలని కాస్త కిటికీ వైపు తిప్పితే చాలు, అమ్మ కూరగాయలు తరిగేసుకుంటుంది. బాబాయిది నీలం. నురగ కూడా నీలమే. ఓ రోజు చెవులు సరిగ్గా కడుక్కోకుండా ఆఫీసుకి వెళ్తే, మేనేజరు హడలిపోయి, కుర్చీ వేయించి, మంచినీళ్ళు తాగించి, సెలవిచ్చి పంపేశాడు. ఏళ్ళ తరబడి కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వని సెలవు! ఏ కంపెనీ సబ్బు చేస్తుందండీ ఇంత మేలు?

ఇంట్లో దొంగతనాలు కూడా ఆగిపోయాయి. షుగరున్న తాతయ్య "నేను కేకు ముట్టుకోలేదమ్మా" అన్నారు. ఫ్రిజ్ పిడి బంగారంలా మెరుస్తోంది. అమ్మ పిడి వంక చూసింది, ఆయన తల వంక చూసింది.

"సరే, ఒక్క ముక్కే" అన్నారు తాతయ్య.

ఊదా రంగు మాత్రం కాస్త మొరాయించింది. కాస్టిక్ తగలగానే సిమెంటు రంగుకి తిరిగింది. పిన్ని చలించిందా? "ఇది మగవాళ్ళ సబ్బు" అని అక్కడికక్కడే పేరు పెట్టేసింది!

ఇక నా సంగతి. క్లాసులో నాది చివరి బెంచీ, గోడ పక్క. ముందు కూర్చునే పొడుగు పిల్ల వెనక ఒదిగి, ఏ టీచరు కంటా పడకుండా ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను. అది మామూలు విద్య కాదు! గులాబీ సబ్బు వచ్చాక ఆ విద్యకి గడ్డుకాలం దాపురించింది. ఎండ పడితే చాలు, నా మోచేతులు గోడ మీద వెలుగు చుక్కలు పెడుతున్నాయి. వార్షికోత్సవంలో ప్రసంగించే పిల్లని ఇంకా ఎంచలేదు కూడా. అందుకే గుండె చిక్కబట్టుకుని అడిగాను.

"పిన్నీ, నాకు రంగు లేని సబ్బు కావాలి."

"ఏంటే ఆ గొణుగుడు? గట్టిగా చెప్పు."

"రంగు... వద్దు."

"ఓస్, ఇంతేనా! నా బంగారుకొండకి తెల్లగా చేసిస్తాగా."

చేసింది. ఆరేదాకా ఆగి, ఆశగా రుద్దుకున్నాను. మైకాలో తెలుపు కూడా ఒక రంగేననీ, ముత్యంలా అన్నిటికంటే ఎక్కువ మెరిసేది అదేననీ నాకప్పుడు తెలిసింది.

మర్నాడు సైన్సు టీచరు "ప్రసంగం ఎవరిస్తారర్రా?" అంటూ క్లాసంతా కలయజూసి, చటుక్కున కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ చివర మెరుస్తున్న అమ్మాయీ, లే! కొత్తగా చేరావా?"

"ఆరో క్లాసు నుంచీ ఇక్కడే ఉన్నానండీ" అన్నాను. అది ఆవిడ దాకా చేరలేదు. నా పేరు మాత్రం పొడుగు పిల్ల అందించేసింది, ద్రోహి!

అంశం మన ఇష్టమట. కాబట్టి ఇప్పటిదాకా మీరు చదివిందే నా ప్రసంగం. ముందు వరసలో మా ఇంటిల్లిపాదీ ఉంటారు, వెతుక్కోనక్కర్లేదు. మధ్యలో పిన్ని, అందరికంటే ముందు చప్పట్లు కొట్టడానికి చేతులు సవరించుకుంటూ.

ఒక్క మాటే మిగిలింది. ఇంట్లో ఎన్నిసార్లు నోటిదాకా వస్తే గుటుక్కున మింగేశానో ఆ మాట! గట్టిగా చెప్పమందిగా. అందుకే మైకులో చెప్పబోతున్నాను:

పిన్నీ, ఆ గరిటె కింద పెట్టు!