చేరినదా? అవును

ప్రత్యేక అవసరాలు గల బాలబాలికలను మామూలు తరగతుల్లో కలిపేసుకునే మహత్కార్యం నూటికి నూరుపాళ్ళూ పూర్తయిందని విద్యాశాఖ కిందటేడు ప్రకటించింది. (అందరు పిల్లల అవసరమూ పాఠం వినడమే. ఇందులో ప్రత్యేకత ఎక్కడుందో శాఖకే తెలియాలి.)

ఈ చరిత్ర నాలుగు యుగాలుగా నడిచింది. మొదటి యుగంలో అలాంటి పిల్లలు గడప దాటేవారే కాదు కాబట్టి సమస్యే లేదు. కార్యాలయ వర్గాలు దాన్ని ఇప్పటికీ స్వర్ణయుగమంటాయి. రెండో యుగంలో వాళ్ళకు ఊరి చివర వేరే బడి కట్టారు. మూడో యుగంలో బడి ఒకటే, గది వేరు. ఇప్పుడు నడుస్తున్నది విలీన యుగం. ఏ పిల్లనైనా చేర్చుకోబోమని ఏ బడీ అనకూడదు. చట్టం రాసినవారి భవనంలో లిఫ్టు ఉండడంవల్ల అందులో మెట్ల ప్రస్తావన రాలేదు.

ఈ యుగపు అదృష్టవంతుల్లో టైలరమ్మ కూతురు ఒకతె. పన్నెండేళ్ళది, చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ఎంత చిక్కు లెక్కయినా నోటితో చేసేస్తుందని తోటిపిల్లలు 'లెక్కలక్క' అని పిలుస్తారు. ఆమె చదివే ఏడో తరగతి రెండో అంతస్తులో ఉంది. మధ్యలో ముప్పై ఎనిమిది మెట్లున్నాయి.

అంచేత లెక్కలక్క కింద, చిరిగిన మ్యాపులూ గాలిపోయిన బంతులూ ఉండే గదిలో కూర్చునేది. టీచరమ్మ పైనుంచి పేరు కేకేస్తే, ఈ పిల్ల మెట్ల దగ్గరికొచ్చి "ప్రెజెంట్ టీచర్!" అని గొంతు చించుకునేది. గొంతు తరగతికి చేరితే మనిషి చేరినట్టేనని నిబంధన 4(బి) చెబుతోంది. జలుబు చేసిన రోజున ఆబ్సెంటు.

టైలరమ్మ ఇదంతా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది కూతురు ఒకనాడు అన్న మాట.

"పైన అందరూ ఒక్కసారే నవ్వుతారమ్మా. ఎందుకు నవ్వారో మధ్యాహ్నం వచ్చి చెప్తారు. అప్పటికి నాకు నవ్వు రాదు."

మర్నాడు ఆమె కుట్టుమిషన్‌కు గుడ్డ కప్పేసి బడి ఆఫీసుకు వెళ్ళింది.

"మా పాప క్లాసుకి చేరలేదు సార్."

"ఎందుకు చేరలేదమ్మా? బడి తెరిచిన రోజే చేరింది," అన్నాడు గుమస్తా, పన్నెండో నంబరు ఫారం తీసి. అందులో 'విద్యార్థిని తరగతిలో చేరినదా?' అన్న గడి, దానికెదురుగా 'అవును' అని ముత్యాల్లాంటి అక్షరాలూ ఉన్నాయి.

"చేరింది సార్. కానీ చేరలేదు."

"ఆ మాటకి రెండర్థాలున్నాయని నాకు మాత్రం తెలీదా? భాషలో డిగ్రీ చేశానమ్మా నేను. అర్థాలు రెండున్నా గడి ఒక్కటే ఉంది."

"పోనీ, మా పిల్ల ఎక్కలేదు గానీ క్లాసు దిగగలదు కదా సార్. కిందున్న ఎనిమిదో క్లాసు పిల్లలు చెంగుచెంగున మెట్లెక్కేస్తారు. వాళ్ళని పైకి పంపి, వీళ్ళని కిందికి దించండి."

గుమస్తా కలం కిందపెట్టాడు. నాలుగు యుగాల్లో ఎవరికీ తట్టని ఆలోచన అది. మనిషి మంచివాడు, అప్పటికప్పుడు ఫైలు తెరిచాడు.

ఫైలు శ్రద్ధగా కదిలింది. మెట్ల పరిశీలనాధికారి వచ్చి మెట్లు లెక్కపెట్టి, ముప్పై ఏడేనని తేల్చాడు. (పైమెట్టు మెట్టు కాదట, గచ్చు.) చేర్పుల ఉపసంచాలకుడు 'దించుట' అన్న పదానికి అభ్యంతరం తెలిపాడు. తరగతి దిగజారిందన్న అపవాదు వస్తుందని ఆయన భయం. దాన్ని 'క్రిందికి చేర్చుట'గా సవరించడానికి మూడు నెలలు పట్టింది. అన్ని రోజులూ లెక్కలక్క మెట్ల దగ్గర ప్రెజెంటు చెబుతూనే ఉంది.

ఈలోగా పరీక్షలయ్యాయి. లెక్కలక్కకు లెక్కల్లో నూటికి నూరొచ్చాయి. టైలరమ్మ సంతోషం పట్టలేకపోయింది. ఎనిమిదికొస్తే ఇక ఎవరినీ బతిమాలే పనిలేదు, ఆ తరగతి ఎలాగూ కిందే. ఆమె ఫైలు సంగతి మరిచిపోయింది. ఫైలు ఆమెను మరిచిపోలేదు.

మళ్ళీ బడి తెరిచిన రోజున టైలరమ్మ కొత్త యూనిఫాం తానే కుట్టి, తొడిగి, కుర్చీని కింది తరగతి గుమ్మం దాకా తోసుకొచ్చింది. లోపల ముక్కూమొహం తెలియని పిల్లలు. తలుపు మీద తడి ఆరని రంగుతో 'ఏడవ తరగతి' అని రాసుంది.

"లెక్కలక్కా! మేమిక్కడ!" రెండో అంతస్తు పిట్టగోడ మీంచి పాతికమంది చేతులూపుతున్నారు. ఆ పిల్ల తలెత్తి చూసి, చెయ్యి సగం దాకా ఎత్తి, ఒళ్ళో పెట్టేసుకుంది.

గుమస్తా కాగితం ఊపుకుంటూ పరుగున వచ్చాడు. "వచ్చిందమ్మా ఆర్డరు! మీరడిగింది అక్షరం పొల్లుపోకుండా చేశాం. ఏడు కిందికి, ఎనిమిది పైకి!"

"మా పాప పాసైంది సార్," అంది టైలరమ్మ.

గుమస్తా కాగితం వంక చూశాడు, పిల్ల వంక చూశాడు, మళ్ళీ కాగితం వంక చూశాడు.

"తొందరపడిందమ్మా," అన్నాడు నిజంగానే నొచ్చుకుంటూ. "ఒక్క సబ్జెక్టు తప్పి ఉంటే ఈపాటికి క్లాసులో ఉండేది."