సముద్రపు ఆకుల చోరీ

“నేరస్థుడు ఎంత గడుసువాడైనా సరే, నా కళ్ళు కప్పలేడు. ఎందుకంటే నా దగ్గర ఉన్నన్ని కళ్ళజోళ్ళు ఈ వీధిలో ఇంకెవరి దగ్గరా లేవు!”

ఆదివారం పొద్దున్న పదింటికి తన కళ్ళద్దాల దుకాణంలో కౌంటరు వెనక నిలబడి భూతద్దం చేసిన ప్రకటన ఇది. విన్నవాడు ఒక్కడే, పక్క దుకాణం టైలరు. కుట్టిన దిండు గలీబులు ఇచ్చిపోదామని వచ్చి ఇరుక్కుపోయాడు పాపం.

భూతద్దం అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. గుండ్రటి అద్దమొకటి మెళ్ళో వేలాడేసుకుని తిరుగుతాడు కనక ఆ పేరే స్థిరపడింది. తిండి పెట్టేది కళ్ళజోళ్ళ వ్యాపారం, తిట్లు పెట్టించేది అపరాధ పరిశోధన. పదేళ్ళలో తేల్చిన కేసులు రెండు. ఒకటి, బేకరీ ఆయన కళ్ళజోడు మాయమైన కేసు. మూడు రోజులు వీధంతా గాలించి, అది బేకరీ ఆయన నుదుటి మీదే ఉందని కనిపెట్టాడు. రెండోది, ఎవరో ఆగంతకుడు వారం రోజులుగా తనని వెంటాడుతున్న కేసు. గోడ దూకి, సందులో నక్కి, చివరికి పట్టుకుంటే వాడు పోస్ట్‌మాన్. సంతకం పెట్టించుకోవాల్సిన ఉత్తరం ఒకటి ఇద్దామని తిరుగుతున్నాడు. ఈ రెండూ తలుచుకుంటే భూతద్దానికే నవ్వొస్తుంది. నవ్వితే పరువు పోతుందని మీసం కింద దాచేసుకుంటాడు.

సరిగ్గా అప్పుడే లోపల వంటింట్లోంచి కేక వినిపించింది.

“ఏవండీ! నోరి పోయిందండీ!”

భూతద్దం గంభీరంగా టైలరు వైపు తిరిగాడు. “విన్నావా? మా ఆవిడకి నోరు పోయిందట.”

“నోరు పోతే అంత గట్టిగా ఎలా అరిచిందిరా?”

“అదే ఈ కేసులో మొదటి చిక్కుముడి!” అంటూ లోపలికి పరిగెత్తాడు. దుకాణం వెనకే ఇల్లు కావడంతో పరుగు నాలుగు అడుగుల్లో అయిపోయింది.

వంటింట్లో వెడల్పాటి పళ్ళెం నిండా అన్నం పరిచి ఉంది. పక్కనే విసనకర్ర, చిన్న వెదురు చాప, పుల్లల్లా తరిగిన కీరదోసకాయ, ఉడికించిన రొయ్యలు. గదంతా పుల్లటి ఘాటు. భూతద్దం ముక్కు ఎగబీల్చాడు.

“యాసిడ్! ఎవరూ కదలకండి!”

“వెనిగరండీ అది. సుషి అన్నంలో కలపడానికి.”

“సుషి ఎవరు?”

“మనిషి కాదు, వంట! వారం రోజుల నుంచీ చెబుతున్నాను కదా!”

చెప్పిన మాట నిజమే. ఆదివారం మనింట్లో సుషి అంటే ఎవరో ఆవిడ స్నేహితురాలు వస్తోందనుకుని, అతను మంచి చొక్కా ఒకటి ఇస్త్రీ కూడా చేయించుకున్నాడు. ఆ సంగతి ఇప్పుడు బయటపెట్టడం ఆరోగ్యానికి మంచిది కాదనిపించింది.

“సరే, పోయిందేమిటి?”

“నోరి. సముద్రపు ఆకులు. వాటిలోనే అన్నం పెట్టి చుట్టాలి. పొద్దున్న భోజనాల బల్ల మీద పది ఆకుల ప్యాకెట్ పెట్టి స్నానానికెళ్ళాను, వచ్చేసరికి లేదు. అవి దొరికేది ఊరికి ఆ చివరున్న ఒక్క దుకాణంలోనే. ఈరోజు వాళ్ళకి సెలవు. ఒంటిగంటకి నాన్నకి పెడదామనుకున్నాను.”

ఆమె పీట మీద కూలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మామగారు ముప్పయ్యేళ్ళు ఓడల్లో వంటవాడిగా చేసిన మనిషి. అత్తగారు పోయాక రెండు నెలల నుంచీ వీళ్ళింట్లోనే ఉంటున్నాడు. పొద్దున్నే కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటే చీకటి పడేదాకా అక్కడే. పళ్ళెంలో ఏం పెట్టినా రెండు ముద్దలు కెలికి చెయ్యి కడిగేసుకుంటాడు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. కిందటి వారం మాత్రం తనంతట తనే, “ఎక్కడో ఒక రేవులో తిన్నానమ్మా, సుషి అని. అన్నం చుట్టి కోసిపెట్టారు. ఆ రుచి ఇప్పటికీ గుర్తుంది,” అన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని కూతురు వీడియోలు చూసి నేర్చుకోవడం మొదలెట్టింది. మొదటిసారి అన్నం బంకలా అయింది. రెండోసారి గట్టిపడి ఇసుకలా రాలింది. ఈరోజు అన్నం కుదిరింది, ఆకులు పోయాయి.

పదేళ్ళ డిటెక్టివ్ జీవితంలో మొదటిసారి, పోయినదేదో నిజంగా దొరకాలనిపించింది భూతద్దానికి.

“ఏడవకు. గంటలో దొంగని నీ కాళ్ళ దగ్గర పడేస్తాను,” అన్నాడు.

ఆ ఆకులు ఎలా ఉంటాయో అడిగితే సరిపోయేది. కానీ డిటెక్టివ్ అన్నవాడు అడక్కూడదు, ఊహించాలి. ‘పచ్చటి ఆకులు, పది’ అని చేతి మీద రాసుకుని రంగంలోకి దిగాడు. మేడ మీద పూలకుండీలన్నీ తడిమాడు. చెత్తబుట్ట బోర్లించాడు. వీధి చివర మేకని ఆపి, నోరు తెరిపించి, మెళ్ళోని అద్దంతో లోపలికి చూశాడు. మేక నేరం ఒప్పుకోలేదు సరికదా, అతని చొక్కా గుండీ ఒకటి మింగేసింది.

పదకొండున్నరకి చెమటలు కక్కుతూ దుకాణంలోకొచ్చి టైలరుని పట్టుకున్నాడు.

“పొద్దున్న మా ఇంట్లోకి వచ్చింది నువ్వొక్కడివే. వేలిముద్రలియ్యి.”

“నేను వచ్చింది దుకాణంలోకిరా! లోపలికి అడుగే పెట్టలేదు!”

“అందరు దొంగలూ ఇదే మాటంటారు.”

వేలిముద్రలకి నల్లకాగితం, తెల్లటి పొడి కావాలి. పొడి కోసం వంటింట్లోంచి బియ్యప్పిండి డబ్బా ఎత్తుకొచ్చాడు. నల్లకాగితం అనగానే అతని మొహం వెలిగింది. పొద్దున్న భోజనాల బల్ల మీద నల్లటి కాగితాలున్న ప్యాకెట్ ఒకటి కనిపించింది, దాని మీద ఏవో అర్థంకాని అక్షరాలున్నాయి. లెన్సులు చుట్టుకోవడానికి కంపెనీవాళ్ళు పంపిన కాగితాలనుకుని, తెచ్చి సొరుగులో పడేశాడు. ఇప్పుడు దాన్ని చించి నమూనా కోసం ముందు తన బొటనవేలే పిండిలో ముంచి నొక్కాడు. ముద్ర ముత్యంలా పడింది.

తరవాత టైలరు వంతు. వాడు నొక్కగానే కాగితం కరకరమని విరిగింది.

“ఇదేం కాగితంరా, చేపల బజారు వాసనొస్తోంది?”

“విదేశీ సరుకు. నీకు తెలియదులే. ఇంకోటి తీసుకో, మెల్లగా నొక్కు.”

రెండోదీ విరిగింది. భూతద్దం పళ్ళు నూరుకుంటూ ప్యాకెట్టూ పిండీ పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. ఆఖరి అనుమానితుడు అక్కడ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“మామగారూ, ఏమీ అనుకోకండి. చట్టం ముందు అందరూ సమానమే. ఇందులో వేలు ముంచి దీని మీద నొక్కండి.”

మామగారు కాగితం అందుకున్నాడు. వెలుగుకేసి పట్టి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలాగే కళ్ళు మూసుకుని కాసేపు ఉండిపోయాడు. తరవాత ఒక మూల విరిచి నోట్లో వేసుకున్నాడు.

“అయ్యో! మామగారూ, అది సాక్ష్యం!”

ఆయన వినిపించుకోలేదు. నిదానంగా నమిలి మింగి, ఇంకో ముక్క విరిచాడు.

“ఏమే! పరిగెత్తుకురా! మీ నాన్న కాగితాలు తింటున్నారు!” గొంతు చించుకున్నాడు భూతద్దం.

ఆమె తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. తండ్రి నోటిని చూసింది. మొగుడి చేతిలో ప్యాకెట్ చూసింది. పిండి డబ్బా కూడా చూసింది. మామగారు మాత్రం నములుతూనే ఉన్నాడు.

“ఈ ప్యాకెట్ బల్ల మీంచి తీసిందెవరు?” అంది చాలా నెమ్మదిగా.

టైలరు వెనక నుంచి గొంతు సవరించుకున్నాడు. “దొంగ దొరికాడు చెల్లెమ్మా. సాక్షులు కూడా అక్కర్లేదు. మొదటి ఆకు మీద వేలిముద్ర వాడే వేసిచ్చాడు.”

భూతద్దం చేతిలో ఉన్నదాన్ని చూశాడు. అరచేతి మీద రాసుకున్న ‘పచ్చటి ఆకులు’ అన్న మాట చూశాడు. చెయ్యి మెల్లగా వెనక్కి దాచుకున్నాడు. భూమి చీలితే బాగుండుననిపించింది, కానీ అదేమీ చీలేలా లేదు.

“తిట్టు,” అన్నాడు తల దించుకుని. “ఈసారి డబుల్ పడినా తక్కువే.”

తిట్టడానికి ఆమె నోరు తెరిచింది కూడా. ఇంతలో మామగారి గొంతు వినిపించింది.

“ఆకుకి కొంచెం గాలి తగిలింది తల్లీ. సన్నటి మంట మీద ఒక్క క్షణం చూపించు. అన్నం ఎక్కడుంది?”

అంటూనే లేచి, కూతురి భుజం పట్టుకుని, వంటింట్లోకి నడిచాడు. రెండు నెలల్లో ఆయన ఆ గడప దాటడం అదే మొదటిసారి. పళ్ళెంలోంచి నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని తల ఊపాడు.

“బాగా కుదిరిందమ్మా. అల్లుడుగారూ, చేతులు తడి చేసుకుని ఇలా రండి. చాప మీద ఆకు పరవండి. అన్నం పల్చగా. పై అంచున వేలెడంత ఖాళీ ఉంచండి. ఇప్పుడు చుట్టండి, బిగించండి. అయ్యయ్యో, బిగించమన్నాను గానీ పీక నులమమన్నానా?”

భూతద్దం చుట్టింది రెండు చివర్లా పగిలి, కడుపులోంచి రొయ్యలు బయటికి చూశాయి.

“ఇలా ఇయ్యిరా, రెండు కుట్లేస్తాను,” అన్నాడు టైలరు.

కూతురు చుట్టిన రెండోది నిటారుగా నిలబడింది. మామగారు కత్తి తడిచేసి ఒకే మందంలో ఎనిమిది ముక్కలు కోశాడు. నిలబడే ఎనిమిదీ తినేశాడు. ఆఖరి ముక్క నమలడం ఆపి, “మీ అమ్మకి దీని గురించి చెప్పి చెప్పి విసిగించేవాణ్ణి. ఎప్పుడో ఒకరోజు చేసి పెడదాంలే అనుకుంటూనే...” అని కిటికీ వైపు చూశాడు. కూతురు మెల్లగా మరో ఆకు చాప మీద పరిచింది. ఆయన చూపు తిప్పి, ఆ ఆకు అంచు సరిచేశాడు.

“రొయ్యలు ఇంకో రెండు వెయ్యి తల్లీ,” అన్నాడు.

ఆమె గబుక్కున మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తేల్చడానికి భూతద్దం ప్రయత్నించలేదు. ఈరోజుకి చేసిన పరిశోధన చాలు.

“ఇంతకీ కేసు ఏమని తేలినట్టురా?” అడిగాడు టైలరు, పగిలినదాంట్లోంచి తనకి దక్కిన ముక్క నములుతూ.

భూతద్దం అలవాటుగా ఛాతీ విరిచాడు. గొప్ప మాట ఏదైనా చెబుదామని నోరు తెరిచాడు. పళ్ళెం ముందు వంగి ఆత్రంగా అన్నం పరుస్తున్న మామగారిని చూశాక ఆ ఛాతీ దానంతటదే దిగిపోయింది.

“వెతికింది ఆకులు. దొరికింది ఆకలి,” అన్నాడు. “కనిపెట్టింది మాత్రం నేను కాదులే.”