సస్పెన్షన్ అయిపోయింది

శనివారం పొద్దున్న ఏడున్నరకి స్నానాల గదిలోకి వెళ్తూ నిదానం ఆ రోజు పనులన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాడు. ఎనిమిదికి ఇంట్లోంచి బయటపడాలి. ఎనిమిదిన్నరకి మెకానిక్ షెడ్డులో కారు తీసుకోవాలి. పదింటికల్లా పాత విమానాశ్రయంలో ఉండాలి. భార్యకి మాత్రం ఆఫీసులో తనిఖీ ఉందని, సాయంత్రం దాకా రానని చెప్పి ఉంచాడు.

నీటి సరఫరా ఆఫీసులో గొట్టాల పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ అతను. ఒక్క గీత గీయడానికి మూడుసార్లు పెన్సిల్ చెక్కుతాడు కాబట్టి ఆఫీసులో ‘నిదానం’ అని పేరు పెట్టారు. అలాంటి మనిషికి నలభై ఆరో ఏట కారు మలుపుల పిచ్చి పట్టిందంటే ఎవరూ నమ్మరు. అందుకే అతనూ ఎవరికీ చెప్పలేదు. విమానాలు రావడం మానేసిన ఆ పాత విమానాశ్రయంలో, నెలకోసారి, సొంత కారున్న వాళ్ళెవరైనా వచ్చి ప్లాస్టిక్ కోన్ల మధ్య గీసిన దారిలో చుట్లు కొట్టొచ్చు. ఎవరితోనూ పందెం లేదు, పోటీ అంతా గడియారంతోనే. నిదానం కారు బజారు సంచులు మోయడానికి పుట్టిన చిన్న కారు. మలుపు తిరిగితే పడవలా ఒరిగేది, లోపలి వైపు చక్రం నేలని వదిలేసేది. మూడు నెలలు ఓర్చుకుని, గట్టి స్ప్రింగులు, కుదుపుని మింగే కొత్త షాక్ అబ్జార్బర్లు, ఒరగకుండా పట్టి ఉంచే లావుపాటి కడ్డీ ఒకటి వేయించమని మెకానిక్‌కి అప్పగించాడు. భార్య కంట పడకుండా ఆ మెకానిక్ నంబరుని ఫోన్లో ‘ఆఫీసు అర్జెంట్’ అని రాసుకున్నాడు.

అతను తలకి సబ్బు రుద్దుకుంటుండగా ఆ ఫోను మోగింది.

అతని భార్య ముందు గదిలో మిషను మీద ఎవరి పిల్లలదో యూనిఫాం అంచు కుడుతోంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. ‘ఆఫీసు అర్జెంట్’ అన్న అక్షరాలు చూసి, ఎత్తకపోతే ఆయనకి మాటొస్తుందని తనే ఎత్తింది.

“అమ్మా, సార్ లేరా?”

“స్నానం చేస్తున్నారండీ. ఏంటో చెప్పండి, నేను చెప్తాను.”

“ఏం లేదమ్మా. సస్పెన్షన్ అయిపోయిందని చెప్పండి చాలు.”

కుట్టు మిషను చక్రం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. “ఎవరికండీ?”

“సార్‌దేనమ్మా. నిన్న సాయంత్రమే పూర్తి చేశాం. వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళమనండి.”

“ఆయన వల్ల ఏం తప్పు జరిగిందండీ?”

అవతలి మనిషి కాస్త ఆలోచించాడు. “తప్పని కాదుగానీ, మరీ మెత్తదనమమ్మా. ఇన్నాళ్ళూ దాంతోనే నెట్టుకొచ్చారు. మెత్తగా ఉంటే మలుపు రాగానే ఒక పక్కకి ఒరిగిపోవడమే కదా. ఇలాగైతే ఏదో ఒక రోజు బోల్తా కొడతారని నేనే గట్టిగా చెప్పాను.”

“ఎన్నాళ్ళు?” అంది ఆమె.

“నాలుగైదేళ్ళు ఢోకా లేదు. ఆ తరవాత మళ్ళీ చూద్దాం” అని అతను ధైర్యం చెప్పి పెట్టేశాడు.

నిదానం తల తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె గోడకేసి చూస్తూ చెప్పింది. “మీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అయిపోయిందట. వచ్చి సంతకం పెట్టమన్నారు.”

ఆయన కుర్చీలో కూలబడతారేమోనని చెయ్యి ముందుకి చాపి ఉంచింది. కానీ ఆయన మొహం చేటంత అయింది.

“అప్పుడే అయిపోయిందా? ఎనిమిదిన్నరకైనా అవుతుందో లేదో అనుకున్నాను.”

రోజూ రెండు రొట్టె ముక్కలు తినేవాడు ఆ పూట నాలుగు తిన్నాడు. తింటూ ఈల వేశాడు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆయన ఈల ఆమె ఎన్నడూ వినలేదు. వెళ్ళేటప్పుడు, అబద్ధం చెప్పినందుకు లోపల ముల్లు గుచ్చుకుంటోందో ఏమో, గుమ్మం దగ్గర ఆగి ఆమె తల మీద చెయ్యి వేశాడు. “నేను రావడం ఆలస్యమైతే కంగారు పడకు” అన్నాడు.

ఏడిచే మగవాణ్ణి ఓదార్చవచ్చు. ఉద్యోగం పోయి ఈల వేసే మగవాణ్ణి ఏం చేయాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. వెంటనే అన్నయ్యకి ఫోన్ చేసింది. అతను ప్లీడరు.

“అన్నయ్యా, ఆయన్ని ఆఫీసులో సస్పెండ్ చేశారు.”

“బావనా? బావ తప్పు చెయ్యాలన్నా ముందు దరఖాస్తు పెట్టుకుంటాడు కదమ్మా.”

“నాలుగైదేళ్ళట.”

ప్లీడరు గొంతు మారింది. “అంత పొడుగు సస్పెన్షన్ నేనెక్కడా చదవలేదు. నువ్వు చెప్పులు వేసుకుని ఉండు, వస్తున్నా. వాళ్ళ ఇంజనీరు ఇంటికే పోదాం.”

ఇంజనీరు గారు వాకిట్లో తన ఎత్తైన కొత్త కారుని స్వయంగా తుడుచుకుంటున్నాడు. అంత పెద్ద కారుని అంత మురిపెంగా తుడిచే మనిషి మీద ప్లీడరుకి చూడగానే అనుమానం వచ్చింది. నమస్కారం పెట్టి, నేరుగా విషయంలోకి దిగాడు.

“సస్పెన్షన్ సంగతి మాట్లాడదామని వచ్చాం సార్.”

ఇంజనీరు చేతిలోని తడిగుడ్డ బూటు మీద కారుతోంది. అతనికి అది తెలియలేదు. “ఎవరి సస్పెన్షన్?”

“మా బావది. మీ డ్రాఫ్ట్స్‌మన్. పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పారు.”

“నేనివ్వలేదే. నా చేతి మీదుగా ఏ కాగితమూ పోలేదే.” చెప్తుండగానే అతని మొహంలో రక్తం ఇంకిపోయింది. “అయితే పైనుంచే వచ్చిందన్నమాట. పటం వాళ్ళ చేతిలో పడిందన్నమాట.”

“ఏ పటం?” అన్నాడు ప్లీడరు, చాలా మెత్తగా.

ఇంజనీరు తుడిచిన చోటే మళ్ళీ తుడవసాగాడు. రెండు నెలల కిందట, బడి ఉన్న వీధిలోకి పోవలసిన పెద్ద గొట్టం, కాగితం మీద ఒక్క వంపు తిరిగి అతని తమ్ముడి ఖాళీ స్థలం వైపు పోయింది. వంచమన్నది ఇంజనీరు. “సార్, మరి పిల్లలకి నీళ్ళు?” అని నిదానం అడిగితే, గీసే పని చూసుకోమని కసిరి, కింద సంతకం అతని చేతే పెట్టించాడు. ఆ రోజు నిదానం పెన్సిల్ ఆరుసార్లు చెక్కాడు.

ఈ మాటల మధ్యలో ఆమె భర్తకి ఫోన్ కలిపింది. ఎత్తింది పొద్దుటి గొంతే.

“సార్ లోపలున్నారమ్మా. ఫోను నాకిచ్చి వెళ్ళారు.”

“ఆయన సస్పెన్షన్ చేసింది మీరేనా?”

“నేనేనమ్మా. వేరే వాళ్ళకి ఇవ్వకుండా నా చేతుల్తో చేశాను. సార్ చూసి ఎంత సంతోషపడ్డారో.”

“ఇప్పుడాయన ఏం చేస్తున్నారు?”

“ట్రాక్ మీదకి దిగబోతున్నారు.”

ఆమె ఇంజనీరు కారు తలుపు పట్టుకుని నిలబడింది. “ఏ ట్రాక్? ఎక్కడ?”

“పాత విమానాశ్రయం దగ్గరమ్మా. మీరేం భయపడకండి. సార్ ఒక్కరే కాదు, పద్నాలుగు మందున్నారు. పక్కన అంబులెన్సు కూడా పెట్టుకున్నాం.”

“ఆపండి ఆయన్ని. మీకు పుణ్యముంటుంది.”

“ఇప్పుడాపితే ఊరుకోరమ్మా. మూడు నెలల్నుంచి ఈ రోజు కోసమే కాచుకున్నారు.” అవతల ఏదో గాండ్రించింది, లైను తెగిపోయింది. “పాత విమానాశ్రయం. ట్రాక్ మీదకి దిగబోతున్నారట” అంది ఆమె మిగతా ఇద్దరితో.

పాత విమానాశ్రయం గోడ వెంబడే రైలు పట్టాలు పోతాయని ఆ ముగ్గురికీ తెలుసు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. ఇంజనీరే ముందు తేరుకుని, తడిగుడ్డ అక్కడే పడేసి తాళాలు అందుకున్నాడు. “ఎక్కండి” అన్నాడు.

దారి పొడుగునా ఇంజనీరు హారను మోగిస్తూనే ఉన్నాడు. అతను చెడ్డవాడే కావచ్చు, ఒక మనిషి ప్రాణం తీసేంత చెడ్డవాణ్ణని ఎన్నడూ అనుకోలేదు. వెనక సీట్లో ఆమె మెడలోని టేపుని వేలికి చుడుతోంది, విప్పుతోంది. “ఉద్యోగం పోతే పోయింది, నా మిషను లేదా” అని ఎవరితోనో కాక తనతోనే అనుకుంటోంది. ఆ మాట విన్నాక ఇంజనీరు ఇక పట్టలేకపోయాడు.

“అమ్మా, ఆయన తప్పేం లేదు. ఆ గొట్టం వంచమన్నది నేను. సంతకం పెట్టకపోతే బదిలీ చేయిస్తానని బెదిరించిందీ నేనే. ఆయన ఎదురుగానే చెప్తాను, దిగి రమ్మనండి.”

“మా బావ మాటలకి దిగడు సార్,” అన్నాడు ప్లీడరు, అప్పటికే సంచీలోంచి కాగితం తీస్తూ. “కాగితం మీద కనిపిస్తేనే నమ్మే మనిషి.”

ఎర్ర దీపం పడింది. తొంభై సెకన్లు అని చూపిస్తోంది. ప్లీడరు డెబ్బై సెకన్లలో రాశాడు, ఇంజనీరు పది సెకన్లలో సంతకం పెట్టాడు, మిగిలిన పదింటిలో తేదీ వేశాడు.

ఇక్కడ ఇలా ఉండగా, నిదానం మూడో చుట్టులో ఉన్నాడు. జీవితంలో అంత సుఖం అతనెరగడు. మలుపుకి ముందు బ్రేకు మీద కాలు నొక్కి, స్టీరింగ్ తిప్పితే, కారు ఒరగడం లేదు. నేలకి అతుక్కుని, కంపాసు పెట్టి గీసినట్టు తిరుగుతోంది. రోడ్డు మీద చిన్న గులకరాయి ఉన్నా వెన్నెముకకి తెలుస్తోంది, అయినా ఆ నొప్పి కూడా హాయిగానే ఉంది. నాలుగో మలుపు దాటి తిన్నటి దారిలోకి వచ్చేసరికి, ఎదురుగా కొండలాంటి కారు ఒకటి తన మీదకి వస్తోంది.

గేటు దగ్గర కాపలావాడు, ఆలస్యంగా వచ్చిన ఆటగాళ్ళనుకుని, “తొందరగా పోండి, మొదలైపోయింది” అని వాళ్ళని లోపలికి పంపించేశాడు. మొదలైపోయిందనగానే ఇంజనీరు మరి దారి చూడలేదు.

ఆలోచించడానికి మూడుసార్లు పెన్సిల్ చెక్కే వ్యవధి లేదు. నిదానం చేతులు వాటంతట అవే ఎడమకి తిప్పాయి, వెంటనే కుడికి తిప్పాయి. నెల కిందటి కారైతే ఆ రెండో తిప్పుకి పల్టీ కొట్టేదే. ఈ కారు నడుము బిగించినట్టు నిలబడి, రెండు కోన్ల మధ్య నుంచి, పెద్ద కారుకి జానెడు దూరంలో దూసుకుపోయింది. పెద్ద కారు మాత్రం ఉయ్యాలలా ఊగి, ఒకటిన్నర చుట్టు గిర్రున తిరిగి, గడ్డిలోకి పోయి, వెనక్కి తిరిగి ఆగింది. దాని కింద ఒక కోను నలిగిపోయి ఉంది. మనుషులకేమీ కాలేదు. ప్లీడరు కాగితాన్ని గుండెకి అదుముకుని ఉన్నాడు.

నిదానం కారు ఆపి, బెల్టు విప్పుకుని, హెల్మెట్ తీసి వచ్చేసరికి ఆమె పరుగున ఎదురొచ్చి చొక్కా కాలరు పట్టుకుంది. కొట్టబోతోందో కౌగిలించుకోబోతోందో ఆమెకే తెలియలేదు.

“పట్టాల మీద దిగుతారా? ఉద్యోగం పోతే ప్రాణం తీసుకుంటారా?”

“ఉద్యోగమెందుకు పోయింది?” అన్నాడు అతను.

“సస్పెన్షన్ అయిపోయిందన్నారుగా.”

“అవును. చాలా బాగా చేశాడు.”

మెకానిక్ వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ముందు చక్రం లోపలికి వేలు చూపించాడు. అక్కడ పచ్చటి లావు స్ప్రింగు ఒకటి మెరుస్తోంది. “ఇదేనమ్మా సస్పెన్షన్. పొద్దున్న చెప్పింది దీని సంగతే.”

ఆమె వంగి దాన్ని చాలాసేపు చూసింది. తరవాత లేచి భర్త వైపు తిరిగింది.

“నాతో చెప్తే ఏం పోయేది?”

“వద్దనేదానివి.”

“అనేదాన్నే. అంటే మానేసేవారా?”

నిదానం నిజంగానే ఆలోచించాడు. “మానేసేవాణ్ణి. అందుకే చెప్పలేదు.”

ఆమెకి కోపం రావలసింది. కానీ పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలేసరికి నవ్వొచ్చి, ఆ వెనకే ఏడుపొచ్చింది. టేపు చివరతో కళ్ళు తుడుచుకుంది.

ఈలోగా ఇంజనీరు గడ్డిలో ఆగిన కారు దిగి, బట్టలు దులుపుకుని, ప్లీడరు దగ్గరికి వచ్చాడు. “మరైతే ఆ కాగితం ఇటివ్వండి. ఇప్పుడు దాని అవసరం లేదు కదా.”

“సంతకం మీదే కదా సార్?” అన్నాడు ప్లీడరు.

“నాదేననుకోండి.”

“తేదీ కూడా మీరే వేశారు” అని ప్లీడరు దాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

సంగతేంటో నిదానానికి చెప్పారు. అతను చొక్కా సరిచేసుకుని, తన మామూలు నిదానంతోనే అన్నాడు. “పటం మీద నా సంతకం కూడా ఉంది సార్. సోమవారం నేనూ పెద్దాఫీసుకి వస్తాను. బడి వీధి పాత పటం నా బల్ల సొరుగులోనే ఉంది, చింపబుద్ధి కాలేదు.”

సోమవారం అతను వెళ్ళాడు. భయపడి సంతకం పెట్టినందుకు అతనికో మెమో ఇచ్చారు. గొట్టం మళ్ళీ బడి వీధిలోకి తిరిగింది. ఇంజనీరు గారిని ఆరు నెలలు సస్పెండ్ చేశారు. ఈసారి అది స్ప్రింగుల సంగతి కాదు.

తరవాతి నెల నిదానం భార్యని పక్కన కూర్చోబెట్టుకుని పాత విమానాశ్రయానికి వెళ్ళేసరికి, ఆ ఎత్తైన కారు వాళ్ళకంటే ముందే వచ్చి ఉంది. పక్కన ఇంజనీరు, చొక్కా చేతులు మడిచి, మెకానిక్‌తో పాటు చక్రం కిందకి వంగి చూస్తున్నాడు. ఆ రోజు గిర్రున తిరిగిన ఒకటిన్నర చుట్టు అతనికి నిద్రపట్టనివ్వడం లేదట.

“దీనికీ గట్టివి వెయ్యొచ్చు సార్,” అంటున్నాడు మెకానిక్. “కాకపోతే సామాను తెప్పించాలి. వారం పది రోజులు ఆగగలరా?”

“తొందరేం లేదు,” అన్నాడు ఇంజనీరు. “నాకింకా ఐదు నెలలుంది.”