అరవై నిండని ఒళ్లు

నేను అక్షరాలు అరవై దాటాక నేర్చుకున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. ఈ రెండు కాగితాలు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. నేను చెప్పబోయే ఆఫీసుతో పోలిస్తే అది పరుగే.

మనుషులకు ముసలితనం రద్దయింది. రాజమహేంద్రవరంలో దీర్ఘాయు కేంద్రం తెరిచిన రోజునుంచి పుట్టిన తేదీకి విలువ లేదు. వయసు ఒంటిని బట్టే ఉంటుందని శాస్త్రం తేల్చిందట. శాస్త్రం అంతవరకే చెప్పి ఊరుకుంది. మిగతాది సర్క్యులర్ చెప్పింది.

ఆత్రేయపురం అప్పాయమ్మకు డెబ్బై ఒకటి. యాభై మూడేళ్లుగా పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ కింద మంట, కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ ఒక్క వేటు. రేకు అంచు లేచీ లేవగానే వేళ్లతో అందుకోవాలి. క్షణం ముందైతే చిరుగుతుంది, క్షణం ఆగితే మాడుతుంది. ఆ అంచే ఇప్పుడు ఆమెకు కనబడటం లేదు. కుడికంటికి శుక్లం పూర్తిగా కమ్మేసింది, ఎడమకంటికి సగం. ఆస్పత్రిలో ఆపరేషన్ ఉచితమే. కాకపోతే ఒంటికి అరవై నిండినట్టు కేంద్రం నుంచి కాగితం తేవాలి.

కేంద్రం నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది. (ఒంటి వయసు అరవై దాటినవారికి మాత్రమే. దాటిందో లేదో నాలుగో అంతస్తులో చెబుతారు.) అప్పాయమ్మ మెట్లెక్కింది.

మిషను దగ్గర మెర్సీ అనే అమ్మాయి ఉంది. "ఈ పిడిని గట్టిగా నొక్కండమ్మా" అంది. ఆఫీసులో పెట్టిన పరీక్ష తప్పితే కాగితం రాదని అప్పాయమ్మకు తెలుసు. అందుకని ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. గొట్టం ఊదమంటే, జన్మంతా పొయ్యి ఊదిన మనిషి, ముల్లు చివరికి కొట్టుకునేలా ఊదింది. చెయ్యి ఆనించకుండా నేలమీద కూర్చుని లేవమంటే, మెర్సీ మాట పూర్తయ్యేలోపు లేచి నిలబడింది.

"ఇంకోసారి లెమ్మంటావా అమ్మా?" అంది ఉత్సాహంగా.

"వద్దులెండి. ఇప్పటికే ఎక్కువైంది" అంది మెర్సీ జాలిగా.

నలభై తొమ్మిది వచ్చింది.

వయో నిర్ధారణాధికారి కుక్కుటేశ్వరరావుగారికి పుట్టుక ప్రకారం నలభై మూడు, ఒంటి ప్రకారం అరవై ఎనిమిది. (కుర్చీ, బజ్జీలు, షుగరు.) ఆయన లిఫ్టులో వస్తారు.

"బాబూ, నాకు డెబ్బై ఒకటండి. గోదారికి పెద్ద వరదొచ్చినప్పుడు మా పెద్దపిల్ల రెండో తరగతి చదువుతోందండి."

"వరదను యాప్ ఒప్పుకోదు. కూర్చో అమ్మాయ్."

అప్పాయమ్మ వెనక్కి తిరిగి చూసింది. అమ్మాయి ఎవరూ లేరు.

"ఏడో నిబంధన. ఇక్కడ మర్యాదలు ఒంటి వయసును బట్టే. నన్ను బాబూ అనకూడదు. బాబాయిగారూ అనాలి."

"అలాగే బాబాయిగారూ. మరి నా కన్ను చూడరా?"

"కంటికి వేరే గడి లేదమ్మాయ్. ఒళ్లంతటికీ కలిపి ఒకటే గడి."

అప్పీలు సోమవారాల్లో పెట్టుకోవాలి. అప్పాయమ్మ ప్రతి సోమవారం బ్యారేజీ మీదుగా బస్సులో వచ్చి, నాలుగు అంతస్తులూ ఎక్కి దిగింది. మూడో వారానికి వయసు నలభై ఏడుకు పడింది. మెట్లవల్ల గుండె బాగుపడిందని రిపోర్టులో రాశారు.

నాలుగో వారం మెర్సీ చెవిలో చెప్పింది, "కాస్త కుంటండమ్మా. చేతులు వణికించండి."

అప్పాయమ్మ కుంటింది, వణికింది. అయ్యో రామా అని మూలిగింది కూడా. ఇంత నాటకం ఆడాలంటే మెదడు చాలా చురుగ్గా ఉండాలని మిషను పసిగట్టి, మెదడుకు ముప్పై ఆరు వేసింది. సగటు ఇంకా పడిపోయింది.

"పోనీ, ముసలిదాన్ని కావాలంటే ఏం చెయ్యాలి బాబాయిగారూ?"

"కదలకుండా కూర్చో. తియ్యటివి తిను. నన్ను చూడు, రెండు కళ్లకీ ఆపరేషన్ చేయించుకున్నా."

"మీకూ పొర కమ్మిందాండి?"

"లేదు. చూపు శుభ్రంగానే ఉండేది. అర్హత ఉండి వాడుకోకపోతే పథకాన్ని అవమానించినట్టు కాదూ?"

కదలకుండా కూర్చుంటే రేకులెవరు తీస్తారో సర్క్యులర్‌లో లేదు. అప్పాయమ్మ తీస్తూనే ఉంది. వేళ్లు కాలుతూనే ఉన్నాయి.

ఏడో సోమవారం నలభై నాలుగు వచ్చింది. ఈసారి సభ చేశారు. శాలువా కప్పి, జిల్లా ఆదర్శ దీర్ఘాయు మహిళ అని సర్టిఫికెట్ చేతికిచ్చి ఫొటో తీశారు. అప్పాయమ్మ ఆ సర్టిఫికెట్‌ను ముక్కుకు ఆనించుకుని చూసింది.

"ఎలా ఉందమ్మాయ్?"

"మబ్బుగా ఉంది బాబాయిగారూ."

"ఈ ఒంటితో ఇంకో నలభై ఏళ్లు బతుకుతావు."

"ఏం కనబడకుండానా?"

కుక్కుటేశ్వరరావుగారు యాప్ మొత్తం ఓపిగ్గా వెతికారు. "బతకడానికి గడి ఉందమ్మాయ్," అన్నారు, "చూడ్డానికి లేదు."

ఇట్లు,
నాగరత్నం. వయసు అరవై ఎనిమిది, ఇంకా కేంద్రానికి వెళ్లలేదు కనుక. ఇప్పుడు ఉంటున్నది ఆత్రేయపురంలో, అప్పాయమ్మ పొయ్యి పక్కన. అంచు లేచినప్పుడల్లా "ఇప్పుడు తియ్యి" అని చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.